గాడ్జిల్లా పక్కన మనిషేడీ?

2019లో వచ్చిన ‘గాడ్జిల్లా: కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్’ గురించి ఎప్పుడు మాటొచ్చినా జనం చెప్పేది ఒక్కటే. రాకాసుల కొట్లాట అదిరింది, మధ్యలో ఆ మనుషుల గోలే భరించలేకపోయాం అని. నెల్లూరులో తెలుగు డబ్బింగ్‌లో నాతో పాటు చూసిన మా బాబాయి కొడుకు హాల్లోంచి బయటికొస్తూనే తీర్పు చెప్పేశాడు: “అన్నా, ఆ మొగుడూ పెళ్లాల పంచాయితీ ఎత్తేసి మొత్తం ఫైట్లే పెట్టుంటే బొమ్మ యాడికో పోయుండేది.” ఆ తర్వాత ఇదే మాట చాలామంది నోట విన్నాను. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. ఈ సినిమా మనుషులు ఎక్కువై చెడలేదు, తక్కువై చెడింది. తెర నిండా సైంటిస్టులున్నారు, మిలిటరీ వాళ్లున్నారు, పెద్ద పెద్ద ఆఫీసర్లున్నారు. ఊళ్లో ఉండే మనిషి మాత్రం లేడు.

ముందు సినిమా చేసిన మంచి చెప్పుకోవాలి, ఎందుకంటే అది తక్కువేం కాదు. 2014లో గ్యారెత్ ఎడ్వర్డ్స్ తీసిన ‘గాడ్జిల్లా’కి ఇది కొనసాగింపు. ఆ మొదటి భాగం మీద అందరి ఫిర్యాదూ, గాడ్జిల్లా పేరు పెట్టుకుని రెండు గంటల సినిమాలో దాన్ని పది నిమిషాలకు అటూ ఇటూ చూపించారని. రెండో భాగానికి దర్శకుడైన మైకేల్ డొహర్టీ ఆ కొరత తీర్చాలని కంకణం కట్టుకున్నట్టుంది. గాడ్జిల్లాతో పాటు చిమ్మెట రూపంలో ఉండే మోత్రాని, అగ్నిపర్వతంలోంచి లేచే రోడాన్‌ని, మూడు తలల గిడోరాని దింపాడు. ఈ నాలుగూ కలిసి మొదటిసారి కనిపించింది 1964లో, ఇషిరో హోండా తీసిన జపాన్ సినిమాలో. చిన్నప్పట్నుంచీ ఆ సినిమాల మీద ప్రాణం పెట్టుకున్నవాడు మాత్రమే ఇలా తీయగలడు అనిపించే చోట్లు ఇందులో చాలా ఉన్నాయి.

గిడోరానే తీసుకోండి. మూడు తలలంటే మూడు నోళ్లు, మూడు రెట్ల నిప్పులు అని సరిపెట్టేయొచ్చు. వీళ్లు అలా సరిపెట్టలేదు. ఒక్కో తలకి ఒక్కో నటుడు, ముగ్గురు నటుల కదలికలు తీసుకుని ఆ జంతువుని తయారుచేశారు. దాని ఫలితం అంటార్కిటికా సీనులో కనిపిస్తుంది. మంచు పగిలి గిడోరా పైకొస్తుంది. సైనికులు కాలుస్తారు, మూడు తలలూ కలిసి వాళ్లని మాడ్చేస్తాయి. అంతా అయ్యాక ఒక తల కిందికి వంగి, ఆ మాడిపోయిన చోట ఏముందో అని నాకి చూస్తుంటుంది. నడిమి తల విసురుగా దాని మీదికి తిరిగి కసురుతుంది. ఆ తల ఉలిక్కిపడి మళ్లీ వరసలోకి వస్తుంది. మొత్తం రెండు మూడు సెకన్లు. ఇల్లు పట్టని పని పెట్టుకున్న అన్న, దిక్కులు చూస్తున్న తమ్ముణ్ణి నెత్తిన మొట్టినట్టుంటుంది. ఆ క్షణం నుంచి గిడోరా నాకు గ్రాఫిక్స్ బొమ్మ కాదు, ఒక బుద్ధీ స్వభావమూ ఉన్న ప్రాణి.

సంగీతం సంగతి కూడా చెప్పాలి. బేర్ మెక్రీరీ, 1954 నాటి మొదటి సినిమాకి అకీరా ఇఫుకుబే కట్టిన గాడ్జిల్లా బాణీని, యూజీ కొసెకీ కట్టిన మోత్రా పాటని తీసుకొచ్చి పెద్ద ఆర్కెస్ట్రాతో, డప్పులతో, మనుషుల కేకలతో మళ్లీ పలికించాడు. జలపాతం వెనక మోత్రా రెక్కలు విప్పే చోట ఆ పాట వస్తుంది. హాల్లో అప్పటిదాకా గోల చేస్తున్న కుర్రాళ్లు కూడా కాసేపు నోరు మెదపలేదు. ఏ రాకాసికి ఆ రంగు వెలుగు ఇచ్చారు: గాడ్జిల్లాకి నీలం, గిడోరాకి పసుపు, రోడాన్‌కి నిప్పు రంగు. ఎక్కడ ఫ్రేము ఆపినా గుడి గోపురం మీద బొమ్మలా ఉంటుంది. ఈ జీవాల్ని పురుగుల్లా, శత్రువుల్లా కాక పాత కాలపు దేవుళ్లలా చూడాలన్న భక్తి ఈ సినిమాలో నిజంగా ఉంది. ఆ భక్తి నాకు నచ్చింది.

సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది రోడాన్ లేచే ఘట్టం. మెక్సికోలో ఇస్లా దే మారా అనే ఊరు, కల్పించిన ఊరే. అగ్నిపర్వతం కింద, సముద్రం ఒడ్డున, పెంకుటిళ్లు, చర్చి, ఇరుకు సందులు. కొండ పగిలి రోడాన్ లేస్తుంది. ఊరి మీద పడి ఎవర్నీ తినదు, ఇళ్లని తన్నదు. ఊరికే ఊరి మీదుగా ఎగిరిపోతుంది. అంతే. దాని రెక్కల గాలికి కప్పులు లేస్తాయి, గోడలు పడతాయి, పరుగెత్తే జనం ఎండుటాకుల్లా కొట్టుకుపోతారు. ఆ జీవికి అక్కడ ఒక ఊరుందన్న సంగతి కూడా తెలియదు.

ఆ సీను నాకెందుకంత తగిలిందంటే, మాది కావలి వైపు. 1989 నవంబరులో వచ్చిన తుపాను, అటు థాయ్‌లాండ్ సముద్రంలో పుట్టి, ఆ దేశాన్ని దాటి, బంగాళాఖాతం మొత్తం ఈది మా కావలి దగ్గరే తీరం దాటింది. మా అవ్వ ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు గాలి వేగం ఎంతో చెప్పేది కాదు. పక్కింటి రేకు ఎగిరొచ్చి మా వేపచెట్టుకి చుట్టుకుపోయిందని చెప్పేది. ఉన్నట్టుండి గాలి ఆగిందనీ, అయిపోయిందనుకుని కొందరు గొడ్లని చూసుకోవడానికి బయటికి పోయారనీ, అంతలో ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టిందనీ చెప్పేది. తుపాను కన్ను మీదుగా పోతే జరిగేది అదే. మా అవ్వకి కన్ను సంగతి తెలియదు. గొడ్ల కోసం పోయినోళ్ల సంగతి తెలుసు. తుపాను ఎంత పెద్దదో నేను తెలుసుకున్నది ఆ చెట్టుకి చుట్టుకున్న రేకు నుంచే.

ఇప్పుడు సినిమాకొద్దాం. గిడోరా ఎక్కడికి పోతే అక్కడికి తుపాను వెంటపెట్టుకుని పోతుంది. రాకాసినే వాయుగుండంగా ఊహించడం ఎంత మంచి ఆలోచన! మన తీరంలో పుట్టినవాడికి ఇంతకన్నా దగ్గరి రాకాసి ఇంకోటి ఉండదు. కానీ ఆ తుపానుని మనకి చూపించేది ఎక్కడి నుంచి? రాకాసుల్ని పరిశోధించే మోనార్క్ అనే సంస్థ వాళ్ల ఆర్గో అనే పెద్ద విమానంలోంచి, కంట్రోల్ రూముల్లో మెరిసే తెరల మీద నుంచి. ఇస్లా దే మారా ముగిసిన తర్వాత కెమెరా మామూలు జనం మధ్యకి దిగేది అరుదు. దేశాలకు దేశాలే నాశనమైపోతున్నాయని ఎవరో ఒకరు తెర చూసి చెబుతుంటారు. కృష్ణపట్నం పోర్టులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో వినడం వేరు, ఆ రాత్రి వాకిట్లో తలుపుకి వీపు ఆనించి నిలబడటం వేరు. సినిమా మొత్తం హెచ్చరిక నంబరు దగ్గరే ఆగిపోయింది.

‘పెద్ద తెర మీద చూసుంటే నీకు ఈ లోటు తెలిసేది కాదు’ అని ఒక ఫ్రెండ్ వాదించాడు. 2019 ఆగస్టులో సూళ్లూరుపేట దగ్గర వంద అడుగులు దాటిన వెడల్పుతో పెద్ద తెర తెరిచారు కదా (అప్పట్లో సూళ్లూరుపేట మా నెల్లూరు జిల్లాలోదే, 2022లో తిరుపతి జిల్లాకి పోయింది). ఈ సినిమా అప్పటికే హాళ్లలోంచి వెళ్లిపోయింది. అక్కడ పడుంటే కథ వేరుగా ఉండేది అంటాడు. నేనొప్పుకోను. తెర వంద అడుగులైనా, చేతిలో ఫోన్ అంతైనా, ఫ్రేములో గాడ్జిల్లా, దానెదురుగా దానంతే ఉన్న గిడోరా, చుట్టూ మబ్బు, వాన, పొగ మాత్రమే ఉంటే కంటికి ఇద్దరు పహిల్వాన్ల కుస్తీలాగే ఉంటుంది. ఎత్తు తెలియాలంటే పక్కన మనకి తెలిసిన కొలత ఒకటుండాలి.

లెక్క చూద్దాం. ఈ సినిమాలో గాడ్జిల్లా ఎత్తు దాదాపు 120 మీటర్లు. శ్రీహరికోట నుంచి పోయే పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. అంటే ఒకదాని మీద ఒకటి రెండు రాకెట్లు నిలబెట్టినా దాని నెత్తిని అందుకోవు. 1954లో మొదటి గాడ్జిల్లా 50 మీటర్లే, ఒక రాకెట్ కన్నా కాస్త ఎక్కువ. మరి 50 మీటర్లది భయపెట్టినంతగా 120 మీటర్లది ఎందుకు భయపెట్టలేకపోయింది?

రాకెట్ మాటెత్తాను కాబట్టి ఇంకొక్క సంగతి. శ్రీహరికోటలో జనం కూర్చుని చూసే గ్యాలరీ నుంచి ప్రయోగం చూసినవాళ్లకి ఇది తెలుసు. ముందు వెలుగొస్తుంది. చెట్ల పైన నిప్పు లేస్తుంది, శబ్దం మాత్రం ఉండదు. జనం ఈలలు, చంటిపిల్లల ఏడుపులు, ‘లేచింది లేచింది’ అనే అరుపులు మాత్రమే. రాకెట్ బాగా పైకి పోయాక, కొన్ని సెకన్లు గడిచాక అప్పుడొస్తుంది మోత. ఒక్కసారిగా కాదు, పగులుతున్నట్టు, పటపటమంటూ వచ్చి ఛాతీకి తగులుతుంది. శబ్దం కిలోమీటరు నడవడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యమే మనకి చెబుతుంది అదెంత దూరంలో ఉందో, అంత దూరం నుంచి కూడా మనల్ని ఊపిందంటే అదెంత పెద్దదో. ఈ సినిమాలో ఎంత దూరంలో అరిచినా అరుపు అదే క్షణంలో చెవిలో పడుతుంది. పిడుగు, రెక్కల మోత, సంగీతం, కేకలు అన్నీ ఒకేసారి, ఒకే గట్టితనంతో. దూరం లేకుండా పోయింది. దూరం పోతే ఎత్తూ పోతుంది.

ఈ పని ముందు భాగం ఎంత బాగా చేసిందో! హొనొలులు బీచిలో సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతుంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత మా తీరంలో ఆ దృశ్యానికి వేరే వివరణ అక్కర్లేదు. గాడ్జిల్లా ఇంకా కనిపించకముందే దాని బరువు తెలిసిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో మీద సైనికులు కాళ్లకి ఎర్ర పొగ కట్టుకుని ఆకాశంలోంచి దూకే సీనులో ఒకడి కళ్లద్దాల్లోంచి, వాడి ఊపిరి వింటూ, మబ్బుల సందులో గాడ్జిల్లా ఒళ్లు కిందికి కిందికి అంతులేకుండా జారిపోవడం చూస్తాం. ఒక్క మనిషి కన్ను చాలింది. మొదటి భాగంలో గాడ్జిల్లా పది నిమిషాలే ఉన్నా సినిమా నిండా దాని బరువుంది. రెండో భాగం ఆ ఫిర్యాదు విని నిమిషాలు పెంచింది, బరువు పోగొట్టుకుంది.

సరే, ఆ ‘మొగుడూ పెళ్లాల పంచాయితీ’ సంగతి. ఎమ్మా రస్సెల్ సైంటిస్టు. 2014 విధ్వంసంలో కొడుకుని పోగొట్టుకుంది. అలాంటి తల్లి, భూమిని మనుషులు పాడుచేశారు కాబట్టి నిద్రపోతున్న రాకాసులన్నిటినీ లేపితేనే భూమి బాగుపడుతుందని నమ్ముతుంది. ఓర్కా అనే యంత్రంతో వాటిని పిలుస్తుంది. ఇది చిన్న ఆలోచన కాదు. కొడుకుని మింగిన దాన్నే దైవంగా ఎంచుకున్న తల్లి! ఆ గుండెలో ఏం జరిగిందో చూపిస్తే మహా విషాదం అయ్యేది. ఈ సినిమా ఆమె చేత వీడియో కాల్‌లో ఉపన్యాసం చెప్పించింది. వెనక బొమ్మలు మారుతుంటాయి, ఆఫీసులో ప్రాజెక్టు గురించి ప్రెజెంటేషన్ ఇచ్చినట్టు చెప్పేస్తుంది. ఎదుటివాళ్లు నాలుగు మాటలంటారు, కాల్ కట్.

దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇస్లా దే మారాలో ఆమె తీసుకున్న నిర్ణయం. ఊరు ఖాళీ అవడానికి టైమిద్దాం అని కూతురు మాడిసన్ బతిమాలుతుంది. తల్లి ఆగదు. జనం ఇంకా వీధుల్లో ఉండగానే రోడాన్‌ని లేపుతుంది. సినిమాకి అసలు ప్రశ్న అక్కడుంది: భూమి కోసం అంటూ ఆ ఊరిని బలిపెట్టే హక్కు ఈమెకెవరిచ్చారు? ఆ ప్రశ్న అడగాల్సింది ఆ ఊరివాళ్లు. ఇల్లు పోయిన ఒక్క ముసలామె, పడవ పోయిన ఒక్క జాలరి ఎమ్మా ఎదురుగా నిలబడి ఒక్క మాట అనుంటే, ఆ మాటకి ఎమ్మా దగ్గర జవాబు లేకపోయుంటే, చివర్లో ఆమె చేసే త్యాగానికి అర్థముండేది. కథలో ఎమ్మాకి ఎదురుచెప్పేవాళ్లందరూ ఆమె ఇంటివాళ్లు, ఆమె ఆఫీసువాళ్లే. నష్టపోయిన ఊరు ఆ సీను తర్వాత మళ్లీ కనిపించదు. మనుషుల గోల విసుగని జనం అన్నది ఇందుకే అని నా నమ్మకం. విసుగు మనుషుల వల్ల రాలేదు, ఆ ఊళ్లో ఏమీ పోగొట్టుకోని వాళ్లు అంతసేపు మాట్లాడటం వల్ల వచ్చింది. సాలీ హాకిన్స్ లాంటి మంచి నటి మొదటి భాగం నుంచి ఉన్న పాత్ర వేస్తే, అంటార్కిటికాలో గిడోరా ఒక్క గుటకలో మింగేస్తుంది. ఆమె కోసం ఎవరూ సరిగ్గా ఏడవనన్నా ఏడవరు.

1954 సినిమా దగ్గరికి పోయి చూస్తే తేడా కళ్లకి కడుతుంది. ఆ ఏడు మార్చి 1న అమెరికా బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పేల్చితే, ఆ బూడిద చేపల వేటకి పోయిన ఒక జపాన్ పడవ మీద పడింది. ఉన్న 23 మందికీ రేడియేషన్ తగిలింది. వాళ్లలో రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరులో గాడ్జిల్లా సినిమా వచ్చింది. ఆ సినిమా మొదలయ్యేదే ఒక పడవ మునగడంతో, సముద్రం మీదికి పోయినవాళ్ల కబురు కోసం ఆఫీసు ముందు గుమిగూడిన ఇంటివాళ్లతో. రాకాసి మొదట అడుగుపెట్టేది టోక్యోలో కాదు, ఒక జాలరి దీవిలో, గాలివాన రాత్రి. కొత్తపట్నంలోనో మైపాడులోనో వేటకి పోయిన పడవ రాకపోతే ఒడ్డున ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ మొదటి పావుగంట సినిమాలా అనిపించదు. తర్వాత టోక్యో తగలబడేటప్పుడు ఒక తల్లి పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని, మీ నాన్న దగ్గరికే పోతున్నామమ్మా అని ఓదారుస్తుంది. సూటు తొడుక్కున్న మనిషి అట్టల ఊరిని తొక్కుతున్నాడని తెలిసి కూడా మనం వణికేది ఆ తల్లి వల్లే.

ఆ పాత సినిమాలో డాక్టర్ సెరిజావా అనే సైంటిస్టు నీళ్లలో ప్రాణవాయువుని నాశనం చేసే ఆయుధం కనిపెడతాడు. దాని శక్తి మనకి ఎలా చూపిస్తారంటే, ఇంట్లో ఒక చేపల తొట్టె. అందులో చిన్న గోళీ అంత వేస్తాడు. చేపలు ఎముకలైపోతాయి. చూస్తున్న అమ్మాయి కెవ్వుమంటుంది. 2019 సినిమాలో అదే ఆయుధం క్షిపణిగా వస్తుంది, సముద్రంలో పేలుతుంది, ఆ చుట్టుపక్కల నీళ్లలో ప్రాణమే మిగలదు. ఆ నీళ్ల మీద బతికేవాళ్ల ఊసే ఎత్తకుండా సినిమా ముందుకెళ్లిపోతుంది. ఒక తొట్టెడు చేపలకి పడ్డ బాధ, ఒక సముద్రం చచ్చిపోతే పడలేదు.

అదే సెరిజావా పేరుతో ఇందులో కెన్ వతనబే చేసిన పాత్ర మాత్రం ఈ సినిమాకి ఊపిరి. 1954లో సెరిజావా గాడ్జిల్లాని చంపడానికి దాంతో పాటు చచ్చిపోయాడు. 2019లో సెరిజావా గాడ్జిల్లాని బతికించడానికి అణుబాంబు చేత్తో పట్టుకుని దాని గుహలోకి ఒంటరిగా పోతాడు. హెల్మెట్ తీసేస్తాడు. చెయ్యి చాపి దాని మూతి మీద పెడతాడు. ఒక్క అరచెయ్యి, దాని ముందు కొండంత ముఖం. సినిమా మొత్తంలో గాడ్జిల్లా నిజంగా ఎంత పెద్దదో నాకు తెలిసింది అక్కడ, వానా మెరుపులూ లేని చోట, అది కదలకుండా పడుకున్నప్పుడు. మోత్రా బూడిదైపోవడం, బోస్టన్‌లో గాడ్జిల్లా నిప్పుముద్దై నడవడం, మిగతా రాకాసులు వచ్చి వంగి దండం పెట్టడం, ఇవన్నీ కంటికి విందే. కానీ ఆ అరచేతికి సాటిరావు.

డబ్బు లెక్కలు నా వాదానికి సాయం చేయవు, ఆ మాట కూడా చెప్పాలి. 2014 సినిమా ప్రపంచమంతా కలిపి 52 కోట్ల డాలర్లకు పైగా తెస్తే, ఈ సీక్వెల్ 38 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. స్టూడియో వాళ్లు జనం మాటే విన్నారు: మనుషుల్ని ఇంకా తగ్గించారు. 2021లో కింగ్ కాంగ్‌తో కొట్లాట పెట్టారు, 2024లో కాంగ్‌తో జోడీ కట్టించారు. 2024 సినిమాలో మనిషి మాట వినిపించకుండా జంతువులే నడిపే సీన్లు బోలెడు. అది 57 కోట్ల డాలర్లు దాటింది. మా తమ్ముడు కోరుకున్న సినిమా అదే, వాడికి దొరికింది. పిల్లలతో చూశాను, సరదాగా ఉంది. భయం గానీ భక్తి గానీ కలగలేదు.

జపాన్ వాళ్లు 2023లో ‘గాడ్జిల్లా మైనస్ వన్’ తీశారు. తకాషి యమజాకి దర్శకుడు. ఖర్చు చూస్తే హాలీవుడ్ వాళ్లు పెట్టేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. 2024లో విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కొట్టింది. అది దాదాపు మొత్తం మనుషుల కథే: యుద్ధంలో అన్నీ పోయి, కూలిన ఇళ్ల మధ్య రేకులు కట్టుకుని, ఎవరి పిల్లనో పెంచుకుంటూ బతికేవాళ్ల కథ. మనుషుల గోల ఎక్కువైందని ఎవరూ విసుక్కోగా నేను వినలేదు. అందులో ఒక సీనుంది. సముద్రంలో మందుపాతరలు ఏరే పని మీద నలుగురు మనుషులు చిన్న చెక్క పడవలో ఉంటారు. వెనక నీళ్లని చీల్చుకుంటూ గాడ్జిల్లా తల వస్తుంటుంది. పడవ ఇంజను ఎంత గుంజినా అంతే వేగం. ఒకడు తుపాకి పేలుస్తాడు, తగిలినా ఏమీ కాదు. 2019 సీక్వెల్‌లో ఏం లోపించిందని ఎవరైనా అడిగితే నేను మాటలు పెంచకుండా ఆ పడవ సీను పెట్టి చూపిస్తున్నాను. మా తమ్ముడికి కూడా అదే చూపించాను. చూసి, “సరే అన్నా, మళ్లీ ఒకసారి పెట్టు” అన్నాడు.